పదిహేడో నంబరు కార్డు

దొంగకి తేలు కుడితే ఏం చేస్తాడు? నోరు మూసుకుని కూర్చుంటాడు. బుధవారం పొద్దున్న పదిన్నరకి పోలీస్ స్టేషన్ వెనక గదిలో మన డిటెక్టివ్ సరిగ్గా ఆ పనే చేస్తున్నాడు. బల్లకి అవతల చిల్లు అక్కయ్య కూర్చుని ఉంది. ఆవిడ హత్య చెయ్యలేదని ఈ ప్రపంచంలో కచ్చితంగా తెలిసిన మనిషి అతనొక్కడే. తెలిసి కూడా చెప్పడం లేదు.

'సారీ' అనే ఒక్క ఇంగ్లీషు మాటని ముప్పై ఒక్క భాషల జనం ఎన్ని రకాలుగా వాడుతున్నారో తేల్చే నిఘంటువు ఒకటి పాతికేళ్లుగా తయారవుతోంది. సేకర్తలు వీధులు పట్టుకుని తిరిగి, ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో ఆ మాట అన్నారో కార్డు మీద రాసి తెస్తారు. కార్డు మీద సేకర్త పేరు ఉండదు, నంబరు ఉంటుంది. తర్వాత తనిఖీ మనిషి అదే గుమ్మానికి వెళ్లి, అదే మనిషి నోటి నుంచి రెండోసారి విని, విన్నది కార్డు వెనక రాసి, మూల చిల్లు వెయ్యాలి. ఇద్దరు వినని మాట పుస్తకంలోకి ఎక్కదు. మొదటి రోజు నుంచీ ఆ చిల్లులు వేసింది ఈవిడే కాబట్టి అసలు పేరు పోయి చిల్లు అక్కయ్య అనే పేరు మిగిలింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఆఫీసు ప్రధాన సంపాదకుడు, అందరూ పెద్దాయన అని పిలుచుకునే మనిషి, కార్డుల గదిలో నిచ్చెన కింద చనిపోయి కనిపించాడు. మూడున్నరకి అటెండరు మంచినీళ్లిచ్చాడు. ఖాళీ గ్లాసు కోసం మూడు యాభైకి మళ్లీ వెళ్లేసరికి తల వెనక దెబ్బతో పడి ఉన్నాడు. పక్కనే రక్తం అంటిన చిల్లుల మిషను. ఆ మిషను అక్కయ్యది. హాజరు పుస్తకంలో ఆవిడ బయటికి వెళ్లిన టైము నాలుగు గంటలని ఉంది. పైగా పదిహేడో నంబరు సేకర్త కార్డులు నలభై మూడింట్లో నలభై రెండు మాయమయ్యాయి, ఒకటి పెద్దాయన జేబులో దొరికింది. తనిఖీకి వెళ్లకుండానే అక్కయ్య దొంగ చిల్లులు వేసిందనీ, పెద్దాయన పట్టుకుంటే కొట్టి, కార్డులు తీసుకెళ్లి కాల్చేసిందనీ ఇన్‌స్పెక్టర్ లెక్క. మధ్యాహ్నం మూడింటికి ఆవిడని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాడు.

ఆవిడ కూతురు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ బట్టలతోనే వచ్చి, అమ్మని ఎలాగైనా బయట పడెయ్యమని డిటెక్టివ్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలింది. ఆ పదిహేడో నంబరు ఇతనేనని పాపం ఆ పిల్లకి తెలియదు.

ఇరవై రెండేళ్ల కిందట ఆ ఆఫీసులో ఆరు నెలలు పనిచేశాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపు తట్టి మాట్లాడించాలంటే అప్పట్లో అతనికి గొంతు పెగిలేది కాదు. అందుకని లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని నలభై మూడు మందిని సొంతంగా పుట్టించాడు. ఒకడికి దగ్గు పెట్టాడు, ఒకడికి నత్తి పెట్టాడు, అందరికీ చిరునామాలిచ్చాడు. తర్వాత ఉద్యోగం మానేసి ఈ వృత్తిలోకి వచ్చాక మాత్రం, అబద్ధం చెప్పని సాక్షి అని కోర్టుల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు మీద పదకొండు మంది జైలుకి వెళ్లారు. వాళ్లలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు గానీ, అతని సంగతి తలుచుకోవడం డిటెక్టివ్‌కి ఇష్టం ఉండదు.

శనివారం పెద్దాయన దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "పదిహేడూ, మంగళవారం మూడున్నరకి రా. నీ కార్డుల గురించి ఒక్క మాట అడగాలి. తిట్టను." అంతే ఉంది అందులో. వెళ్లాడు కూడా. ఆఫీసుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల పెన్నుల కొట్టు దగ్గర మూడుంపావు నుంచి నిలబడ్డాడు. రోడ్డు దాటడానికి మాత్రం ముఖం చెల్లలేదు. మూడూ ఇరవైకి అక్కయ్య సంచీ పట్టుకుని బయటికొచ్చి, అతనికి నాలుగు గజాల దూరంలో ఉన్న బస్టాపులో నిలబడింది. మూడు యాభైకి బస్సెక్కింది. అతనూ అదే నిమిషంలో ఇంటిదారి పట్టాడు. తను లోపలికి వెళ్లి ఉంటే పెద్దాయన బతికి ఉండేవాడన్న ఆలోచన నిన్నటి నుంచీ అతన్ని కూర్చోనివ్వడం లేదు.

"మూడున్నరకి ఎక్కడున్నారక్కయ్యా?" అని ఇప్పుడు అడిగాడు, ఏమీ తెలియనట్టు.

"బస్టాపులో."

"చూసినవాళ్లున్నారా?"

ఆవిడ అతని ముఖంలోకి తిన్నగా చూసింది. "ఒకాయన ఉన్నాడు. పెన్నుల కొట్టు ముందు అరగంటసేపు ఒకే పెన్ను చూస్తూ నిలబడ్డాడు. కొన్నాడో లేదో నాకు తెలీదు."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ సంగతి పోలీసులకి ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"అది ఆయన చెప్పుకోవలసిన మాట. మధ్యలో నేనెవర్ని?" అంది. తర్వాత, లాకప్పులో వేసిన చాప మరీ పలచగా ఉందనీ, తన మోకాళ్లకి అది పనికిరాదనీ చెప్పింది.

వేరే దారి ఏదో ఒకటి దొరుకుతుందని డిటెక్టివ్ ఆవిడకి మాటిచ్చాడు. దొరికితే తన గుట్టు తన దగ్గరే ఉంటుంది, ఆవిడ ఇంటికి వెళుతుంది. ఆ మాట చెబుతున్నప్పుడు తన గొంతు తనకే నచ్చలేదు.

పదకొండున్నరకి కార్డుల గదికి వెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే అక్కడ కుర్చీ వేసుకుని ఉన్నాడు. రెండు కేసుల్లో తను పట్టుకున్న మనిషిని డిటెక్టివ్ విడిపించాడన్న కడుపుమంట అతనికి ఇంకా చల్లారలేదు. "రండి సార్, రండి. ఈసారి ఆధారాలు నేను ఇనప పెట్టెలో పెట్టుకున్నా," అన్నాడు.

డిటెక్టివ్ ముందు హాజరు పుస్తకం తెప్పించాడు. ఇవాళ్టి పేజీ, అంటే బుధవారానిది, తీసి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాడు. టైము ఇంకా పన్నెండు కాలేదు. పేజీలో మాత్రం ఆరుగురు ఉద్యోగులు సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోయినట్టు సంతకాలు పెట్టేసి ఉన్నారు. పొద్దున్న వచ్చినప్పుడే రెండు సంతకాలూ గీకేయడం ఆ ఆఫీసులో పాతికేళ్ల అలవాటు. సాయంత్రం మళ్లీ మేడ మీదికి ఎవడెక్కుతాడు?

ఇన్‌స్పెక్టర్ పేజీ చూసి ఒక్క క్షణం ముఖం ముడుచుకున్నాడు. "సరే, పుస్తకం తీసి పక్కన పెట్టండి. ఆవిడ నాలుగింటి దాకా ఉందని రుజువు పోయింది. ఆవిడ చెప్పినట్టు మూడూ ఇరవైకే వెళ్లిపోయిందని రుజువేదీ? చూసినవాడెవడైనా ఉంటే తీసుకురండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు డిటెక్టివ్ చెయ్యి జేబులోని కార్డు ముక్క మీదికి పోయింది. ఎవరూ చూడకముందే వెనక్కి తీసుకుని, సొరుగుల వైపు నడిచాడు.

ఒక్కో భాషకి ఒక్కో వరస. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి నాలుగైదు కార్డులు తీసి చూశాడు. ఒక రేవు భాషలో ఆ మాటకి, వినపడలేదు మళ్లీ చెప్పు అని అర్థం. ఒక కొండ భాషలో పిల్లల చేత అనిపిస్తారు గానీ పెద్దవాళ్లు చచ్చినా అనరు. ఒకచోట చావు ఇంటికి వెళ్లి అంటారు. ఇంకోచోట గవ్వలాటలో ఎదుటివాడి గవ్వ లేపేస్తూ నవ్వుతూ అంటారు. ఒక ఆయన ఇంట్లో తను గెంటేసిన కుక్కతో మాత్రమే అన్నాడట. ప్రతి కార్డుకీ వెనక అక్కయ్య ముత్యాల్లాంటి అక్షరాలు, మూల ఒక చిల్లు. వేలితో తడిమితే చిల్లు అంచు గరుకు ప్రతిసారీ ముందువైపే తగిలింది. వెనక రాస్తుంది, కార్డు తిప్పకుండానే మిషనులో పెట్టి నొక్కుతుంది. గరుకు ముందుకి వస్తుంది.

పెద్దాయన జేబులో దొరికిన కార్డు చూపించమని అడిగాడు. ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరులో ఉన్నదాన్ని బల్ల మీద పెట్టాడు. పదిహేడో నంబరు, ఇరవై తొమ్మిదో కార్డు.

"కుడుతుండగా సూది విరిగి బట్ట చిరిగితే, ఆ బట్టని నిమురుతూ దానికే సారీ చెప్పింది. టైలరమ్మ. ఎడమకాలు కుంటు. రాతిమెట్ల సందు, మూడో గుమ్మం."

సొంత దస్తూరీ చూసేసరికి డిటెక్టివ్‌కి చెవులు వేడెక్కాయి. మిగతా నలభై రెండు మందీ గాలిలోంచి పుట్టినవాళ్లే. ఈవిడ మాత్రం కాదు. కథలు అల్లీ అల్లీ బుర్ర ఖాళీ అయిపోయిన ఒక రోజున, అప్పటికి పదమూడు నెలల కిందట పోయిన వాళ్లమ్మని తీసుకొచ్చి కార్డులో కూర్చోబెట్టాడు. ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ అద్దంలో ముఖం చూసుకోబుద్ధి కాదు.

కార్డు మూల చిల్లు ఉంది. కవరు పైనుంచే వేలితో తడిమాడు. గరుకు వెనకవైపు తగిలింది. వెనక ఒక్క అక్షరమైనా రాసి లేదు.

"ఈ చిల్లు అక్కయ్యది కాదు. ముందువైపు నుంచి నొక్కారు. వెనక తనిఖీ మాట కూడా లేదు. కావాలంటే ఇక్కడున్న వేల కార్డులు తడిమి చూడండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిజంగానే తడిమాడు. ఒక సొరుగు, రెండో సొరుగు, మూడోది. "మరి ఎవరిది?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. "నాది."

వచ్చినవాడు ఉపసంపాదకుడు. పెద్దాయన తర్వాతి కుర్చీ కాబట్టి ఆఫీసులో అందరికీ చిన్నాయన. పదేళ్ల నుంచి ఇక్కడ ఉన్నాడు. నంబరు వెనక మనిషి ఎవరో చెప్పే జాబితా పెద్దాయన బీరువా దాటి ఎప్పుడూ బయటికి రాలేదు కాబట్టి, డిటెక్టివ్ ఎవరో ఆయనకి తెలియదు. హత్య జరిగిన వేళ ఆఫీసు వెనక పెరట్లో ఉన్న ప్రెస్సులో ప్రూఫులు చూసుకుంటున్నానని నిన్ననే రాసిచ్చాడు. పెరటి తలుపు ఈ గది పక్కకే తెరుచుకుంటుంది. ప్రెస్సు వాళ్లు కూడా, ఆయన వస్తూ పోతూ ఉన్నాడన్నారే తప్ప కదలకుండా ఉన్నాడని ఎవరూ అనలేదు.

అక్కయ్యకి మోకాళ్లు పనిచెయ్యడం లేదనీ, పదిహేడో నంబరు కార్డులు ఏళ్ల తరబడి చిల్లు లేకుండా మూలపడి ఉన్నాయనీ చిన్నాయన ఎంతో మర్యాదగా వివరించాడు. వచ్చే నెల పుస్తకం అచ్చుకి వెళ్లాలి. అందుకని పోయిన నెల తనే నలభై మూడు గుమ్మాలూ తిరిగి, విని, చిల్లులు వేశాడట. వెనక రాయడానికి తీరిక దొరకలేదట.

డిటెక్టివ్ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. "ఈ టైలరమ్మని కూడా చూశారా?"

"చూడకుండా చిల్లు ఎలా వేస్తానండీ? పోయిన నెల పద్నాలుగు, పొద్దున్న పదకొండింటికి. పెద్ద వయసు. కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది. మంచినీళ్లిచ్చింది. అడగ్గానే బట్ట మీద చెయ్యి పెట్టి అదే మాట అంది, అచ్చం కార్డులో ఉన్నట్టే."

డిటెక్టివ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. అమ్మ మంచినీళ్లివ్వడం దాకా వచ్చిందా వ్యవహారం? కోపం రావలసిన చోట కూడా అతనికి సిగ్గే వచ్చింది. ఈ అబద్ధానికి పునాది వేసింది తనే. చిన్నాయన దాని మీద ఒక అంతస్తు కట్టుకున్నాడు, అంతే తేడా.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది రాయించి సంతకం తీసుకోండి. లేకపోతే ఆ నలభై మూడు కార్డుల పేరు చెప్పి రేపు పుస్తకం ఆపేస్తారు," అన్నాడు.

పుస్తకం ఆగుతుందన్న మాట వినగానే చిన్నాయన కుర్చీ లాక్కుని, తారీకు, టైముతో సహా చక్కగా రాసి, పొడుగాటి సంతకం పెట్టాడు. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై అయింది.

ఇక మిగిలింది నోరు తెరవడం. అది చేతకాక డిటెక్టివ్ వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. మింగలేడు, కక్కలేడు. ఇప్పుడు కూడా ఏదైనా అడ్డదారి ఉందేమోనని వెతికాడు. రాతిమెట్ల సందు రోడ్డు వెడల్పులో పోయి పదేళ్లయిందని చెబితే? కొత్త ఇంటికి వెళ్లి చూశానంటాడు. టైలరమ్మ లేదని చెబితే? లేదని నీకెలా తెలుసంటారు. ఎటు తిరిగినా చివరికి తన గుమ్మం ముందుకే వస్తోంది. అంతలో ఫోను మోగింది. అక్కయ్య కూతురు. స్టేషన్ బయట నిలబడి ఉందట. అమ్మ మోకాళ్ల మాత్రలు లోపలికి ఇవ్వనిస్తారేమో ఒక్కసారి అడగమని బతిమాలింది. ఆ అవసరం ఉండదమ్మా అని ఫోను పెట్టేసి లోపలికొచ్చాడు.

"ఆ టైలరమ్మ మా అమ్మ," అన్నాడు. "పోయి ఇరవై మూడేళ్లు దాటింది. పదిహేడో నంబరు నేనే. మిగతా నలభై రెండు మంది అసలు పుట్టనే లేదు. అన్నీ లైబ్రరీలో కూర్చుని రాశాను."

డిటెక్టివ్ ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనేమోనన్న భయంతో గబగబా మిగతాది కూడా చెప్పేశాడు. పెద్దాయన రాసిన కార్డు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. పెన్నుల కొట్టు, బస్టాపు, మూడూ ఇరవై, మూడు యాభై, అన్నీ చెప్పాడు. వెనక రాత లేకపోవడం చూసి, పుట్టనివాళ్ల చేత మాట్లాడించి చిల్లులు వేశారని పెద్దాయనకి అనుమానం వచ్చింది. అది రూఢి చెయ్యగలిగినవాడు పదిహేడో నంబరు ఒక్కడే. అందుకే పిలిచాడు. తను ఎదురు రోడ్డు దాకా వచ్చి కూడా గుమ్మం ఎక్కలేదు.

చిన్నాయన నవ్వబోయాడు. "ఈయన మాటకి సాక్ష్యం ఏముందండీ? అబద్ధాలు రాశానని ఆయనే ఒప్పుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎవరు నమ్మాలి? ఆ టైములో బయట తచ్చాడిందీ ఆయనే, కార్డులు మాయమైతే లాభం ఉన్నదీ ఆయనకే."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు డిటెక్టివ్ వైపే చూశాడు. రెండు కేసుల కసి తీర్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ అతను జేబులోంచి నల్ల అట్ట వేసిన చిన్న నోటుపుస్తకం తీశాడు. అది అక్కయ్య సంచీలో దొరికింది. చిల్లు వెయ్యని ప్రతి కార్డుకీ ఎందుకు వెయ్యలేదో ఆవిడ అందులో రాసిపెట్టుకుంది. తనకి తనే రాసుకున్నది సాక్ష్యం ఎలా అవుతుందని నిన్న పక్కన పెట్టేశానని చెప్పి, మడత పెట్టిన పేజీ తెరిచి చదివాడు. తారీకు ఇరవై రెండేళ్ల కిందటిది.

"పదిహేడు, ఇరవై తొమ్మిది. వెళ్లాను. తాళం వేసి ఉంది. టైలరమ్మ పోయి ఏడాది దాటిందని పక్కింటావిడ చెప్పింది. మన కుర్రాడు ఆవిడ కొడుకేనట. చిల్లు వెయ్యలేదు. వాణ్ణి ఏమీ అడగొద్దు."

ఇరవై రెండేళ్లుగా ఆవిడకి తెలుసు. డిటెక్టివ్ తల ఎత్తలేకపోయాడు. నలుగురిలో చెంప పగలగొట్టినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేదేమో.

చిన్నాయన మెల్లిగా లేచి పెరటి తలుపు వైపు నడిచాడు. అక్కడ కానిస్టేబుల్ అడ్డం నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ మరో ఇద్దర్ని ప్రెస్సుకి పంపితే, పావుగంటలో ప్రూఫుల కట్ట అడుగు నుంచి నలభై రెండు కార్డులు తెచ్చారు. అన్నిటికీ గరుకు వెనకవైపే ఉంది. చిన్నాయన వాటిని చూసి కూలబడ్డాడు. పెద్దాయన పుస్తకం ఆపేస్తానన్నాడనీ, కనీసం జేబులో పెట్టుకున్న ఆ ఒక్క కార్డైనా ఇమ్మంటే నిచ్చెన వైపు తిరిగిపోయాడనీ చెప్పాడు. అప్పుడే బల్ల మీది మిషను చేతికందిందనీ, జేబు వెతికేలోగా అటెండరు అడుగులు వినపడ్డాయనీ అన్నాడు.

రెండూ యాభైకి స్టేషన్‌లో అక్కయ్య సంచీ అక్కయ్యకి ఇచ్చేశారు. కూతురు ఆటో కోసం బయటికి వెళ్లింది. డిటెక్టివ్ బల్ల దగ్గర కూర్చుని తన వాంగ్మూలం రాసి, కింద సంతకం పెట్టి, ఆవిడ వైపు తిరిగి నోరు తెరిచాడు.

"ఆ మాట మాత్రం అనకు," అంది అక్కయ్య. "నలభై వేల కార్డులు చదివినదాన్ని. ఇంకొకటి వినే ఓపిక లేదు."

ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం చదివి ఫైలులో పెట్టాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "ఇది కోర్టుకి వెళ్తుంది సార్. మీ సాక్ష్యంతో లోపలికి వెళ్లిన పదకొండు మంది తరఫు వకీళ్లూ రేపటి నుంచి దీన్ని పట్టుకుని తిరుగుతారు."

డిటెక్టివ్ తెలుసన్నట్టు తల ఊపాడు.

"తిరగనీ," అంది అక్కయ్య. "అప్పటి కుర్రతనం వేరు, కోర్టు వేరు. బోనెక్కి నువ్వు నిజమే కదా చెప్పావు? పదకొండు సార్లూ?"

అవునంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది, ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేసేవాడు. డిటెక్టివ్ నోట్లో ఆ మాట సిద్ధంగానే ఉంది. లారీ దగ్గర ఆ డ్రైవర్ని చూశానని బోనులో చెప్పాడు గానీ, అక్కడ ఎవర్నీ తను కళ్లారా చూడలేదని అతనికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆ డ్రైవరు చెప్పాడు గానీ, అతని మాట ఎవరూ వినలేదు.

"పది సార్లు చెప్పానక్కయ్యా," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తాడు ముడి వెయ్యబోయి ఆగిపోయాడు. బయట ఆటో వచ్చి ఆగింది. కూతురు గుమ్మంలోంచి పిలిచింది. అక్కయ్య ఆ అమ్మాయిని ఆగమని చెయ్యి చూపించి, సంచీ కింద పెట్టి, అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

"మొదటి నుంచి చెప్పు," అంది. "నేను వింటాను."